సెవెన్ తరహా కారుకి నకిల్స్, హబ్‌లు, బ్రేకులు ఏ బండివి తీసుకోవాలి?

ప్రశ్న (లీడ్స్ నుంచి)
అందరికీ నమస్కారం. ఇంటి గ్యారేజీలో లోటస్ సెవెన్ తరహా కారు (తేలికైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కడుతున్నాను. ఛాసిస్ వెల్డింగ్ అయింది, ముందు చక్రాలని పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌ల బ్రాకెట్లు ఇంకా అతికించలేదు. ఇంజను, గేర్‌బాక్సు పాత మాజ్డా ఎంఎక్స్-5 1.6వి దొరికాయి. నకిల్స్ (చక్రం హబ్‌ని ఆర్మ్‌లకి కలిపే లోహపు ముక్కలు) దగ్గర ఆగిపోయాను. ఒకరు ఫోర్డ్ కోర్టినావి అంటారు, ఒకరు సియెర్రావి అంటారు, ఇంకొకాయన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌వి తేలిక అంటాడు. బ్రేకులకి నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగాలు) వేద్దామని ఉంది. నాతో కలిపి బండి 700 కిలోలు ఉండొచ్చు. ఏం చేయమంటారు?

జవాబు (బర్మింగ్‌హామ్ నుంచి)
తమ్ముడూ, బ్రాకెట్లు అతికించకముందే అడిగావు, సగం పని గట్టెక్కినట్టే. నేను అతికించాక అడిగాను. కోసి మళ్లీ వెల్డ్ చేసుకోవడానికి ఒక చలికాలం పట్టింది.

ఆ ఇంజను ఇచ్చిన బండినే వెతుకు. నకిల్స్, హబ్‌లు, డిస్కులు, కాలిపర్లు, వెనక డిఫరెన్షియల్ అన్నీ దాని నుంచే తీసుకో. ఎంఎక్స్-5కి నాలుగు మూలలా డబుల్ విష్‌బోనే, అంటే ప్రతి చక్రానికీ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. పైనా కిందా బాల్ జాయింట్లు (అటూ ఇటూ తిరిగే గుండ్రటి కీళ్లు) ఉన్న నకిల్ కాబట్టి నీ ఆర్మ్‌లకి నేరుగా సరిపోతుంది. వీల్ బోల్టుల వలయం (పీసీడీ) ముందూ వెనకా 4×100, అంటే 100 మి.మీ. వలయం మీద నాలుగు బోల్టులు.

సియెర్రా ముందు నకిల్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ (పై ఆర్మ్ బదులు నిలబెట్టే స్ప్రింగు-డ్యాంపర్ గొట్టం) కోసం చేసింది. దాని తలకాయ స్ట్రట్‌ని పట్టుకునే క్లాంపు. పై బాల్ జాయింట్ పెట్టాలంటే పుట్టగొడుగు ఆకారంలో ఉక్కు ముక్క లేత్ మీద తిప్పించి దూర్చాలి. చాలామంది చేశారు, నడుస్తున్నాయి, కానీ నీకెందుకు ఆ తిప్పలు? కోర్టినా నకిల్ మొండిది, బరువైనది. పైగా ఆ కారు తయారీ 1982లోనే ఆగింది, మంచివి దొరకడం కష్టం. పీసీడీ 4×108, అంటే నీ మాజ్డా వెనక హబ్‌లకి కలవదు, రెండు రకాల చక్రాలు మోయాలి.

స్పిట్‌ఫైర్‌ది తేలికే. కానీ కింద బాల్ జాయింట్ ఉండదు, స్క్రూ మరల మీద తిరిగే ఇత్తడి రంగు కీలు, అంటే ట్రనియన్, ఉంటుంది. దానికి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టించాలి. పట్టించకపోతే లోపల తుప్పెక్కి ఒకరోజు నకిల్ కింది మర కొస విరిగి చక్రం పక్కకి పడుతుంది. రెండు కిలోలు తగ్గించుకోవడానికి ఆ భయం నాకొద్దు.

ఒక హెచ్చరిక. ఎంఎక్స్-5లో స్టీరింగ్ ర్యాక్ (చక్రాలని పక్కకి తిప్పే పళ్ల కడ్డీ) యాక్సిల్‌కి ముందు ఉంటుంది, దానికి తగిలించే నకిల్ చెయ్యి కూడా ముందుకే. స్థలం చాలడం లేదని కుడి నకిల్ ఎడమకి మార్చావో, మలుపుల్లో లోపలి చక్రం తక్కువా బయటి చక్రం ఎక్కువా తిరుగుతాయి. ర్యాక్ ఎత్తు కూడా కొలిచి పెట్టు. లేకపోతే గుంత దాటిన ప్రతిసారీ బండి తనంతట తానే పక్కకి చూస్తుంది.

ప్రశ్న వేసినవారు
థాంక్స్ అన్నా. మరి నాలుగు పిస్టన్ల కాలిపర్లు?

జవాబు (బర్మింగ్‌హామ్ నుంచి)
ముందు లెక్క చూడు. టైరు పట్టు బాగుందనుకుని 0.9 జీ (గురుత్వ త్వరణంలో 0.9 వంతు) దగ్గర ఆపితే, 700 కిలోల బండికి మొత్తం బ్రేకు బలం సుమారు 6,180 న్యూటన్లు. బరువు సగం సగం, గురుత్వ కేంద్రం 45 సెం.మీ., వీల్‌బేస్ 2.3 మీటర్లు అనుకుంటే ముందు చక్రాల వాటా 68 శాతం. 235 మి.మీ. డిస్కు, 51 మి.మీ. పిస్టన్, ప్యాడ్ రాపిడి 0.4 వేసుకుంటే పైపులో కావలసిన ఒత్తిడి 38 బార్ దరిదాపుల్లో వస్తుంది. మాజ్డా మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని తోసేది) 22.2 మి.మీ.ది, పెడల్ నిష్పత్తి 5:1 ఉంటే కాలికి 30 కిలోలు. సర్వో (కాలి బలాన్ని పెంచే పరికరం) లేకుండానే! 19 మి.మీ. సిలిండర్ వేస్తే 22 కిలోలకి దిగుతుంది, పెడల్ మాత్రం మూడో వంతుకి పైగా ఎక్కువ దూరం వెళ్తుంది. పాత కాలిపర్లే ఎక్కువ నీకు. పెద్దవి ముందు వేస్తే పట్టంతా ముందుకి జరిగి వెనక బ్రేకు ఊరికే వేలాడుతుంది.

అయితే వెనక చక్రాలు ముందుగా లాక్ కాకూడదు. ఇంట్లో కట్టిన బండిని రోడ్డెక్కించే ముందు బ్రిటన్‌లో చేసే ఐవీఏ పరీక్షలో అదీ చూస్తారు. హ్యాండ్ బ్రేకు తీగ మీద పనిచేసేదై ఉండాలి, హైడ్రాలిక్ ఒక్కటే ఉంటే చెల్లదు. ఎంఎక్స్-5 వెనక కాలిపర్లో అది ఉంది, అందుకే వాటినే వాడమంటున్నా. పాతవి బిగుసుకుపోయి ఉంటే ఓవర్‌హాల్ చేయించు. ఆ పిస్టన్‌ని క్లాంపుతో నొక్కకు. వెనకున్న చిన్న బోల్టు విప్పితే లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే అడ్జస్టర్ ఉంటుంది, దాన్ని తిప్పి వెనక్కి తెచ్చుకో.

జవాబు (విజయవాడ ఆటోనగర్ నుంచి)
బాబూ, ఆ కారు మా దగ్గరికి రాదు గానీ బేరింగ్ ఎక్కడైనా బేరింగే. పాత హబ్‌ని చెవి దగ్గర పెట్టుకుని చేత్తో మెల్లగా తిప్పు. ఇసుక రాలినట్టు శబ్దం వస్తే పక్కన పెట్టెయ్. కొత్తది ఎక్కించేటప్పుడు సుత్తి ముట్టుకోవద్దు, ప్రెస్సులో బయటి రింగు మీదే నొక్కించు. హబ్ నట్టు అంచు కొట్టి లాక్ చేసే రకం. ఒకసారి విప్పాక కొత్తదే వెయ్యి, దాని ధర టీ ఖర్చులో పోతుంది.

ప్రశ్న వేసినవారు
నమస్కారం బాబాయ్ గారూ. శనివారం స్క్రాప్ యార్డుకి వెళ్తున్నాను. పూర్తి సెట్టు దొరికితే బల్ల మీద పెట్టి ఆర్మ్‌ల పొడవు కొలిచి, కొలతలు ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా వెల్డింగ్ మిషన్ ప్లగ్గు పీకేశాను అన్నా.