డిశ్చార్జి అయిన పెద్దవారి గుండె మందుల డబ్బా ఎవరి దగ్గర ఉండాలి?

డల్లాస్ నుంచి ఒక కూతురు

హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంపలేని స్థితితో) ఆసుపత్రిలో చేరి, ఊపిరితిత్తులకు పట్టిన నీరు తగ్గాక ఇంటికి వచ్చిన డెబ్బై ఏళ్లు పైబడిన మనిషి మందులను ఆయనకే వదిలేయాలా, ఇంట్లోవాళ్లు తమ చేతిలోకి తీసుకొని పూటపూటకూ ఇవ్వాలా అన్నది నా ప్రశ్న. ఇంట్లోవాళ్లే ఇవ్వాలన్నది నా వాదన. రాజమహేంద్రవరంలో ఉండే మా నాన్నగారికి గుండెకు, నీరు పోవడానికి, షుగరుకు కలిపి తొమ్మిది రకాలు రాశారు. పనిమనిషి డబ్బా తెచ్చి ముందు పెడితే, ఆయన బిళ్లలు మింగడం నేను వీడియో కాల్‌లో చూస్తాను. పెద్దాయనను చిన్నపిల్లవాడిని చేస్తున్నావని బంధువులు కొందరు తప్పుపడుతున్నారు. కానీ మన దేశంలో 53 ఆసుపత్రుల నుంచి 10,851 మంది వివరాలు సేకరించిన జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో, 90 రోజులు తిరగకుండానే నూటికి పద్నాలుగు మంది చనిపోయినట్టు తేలింది. మొదటి మూడు నెలలు ఇంత గండంగా ఉన్నప్పుడు మర్యాద గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

తెనాలి ఫార్మసిస్టు

అమ్మా, మీ ఆందోళనను కాదనను. అయితే డబ్బా ఎవరి దగ్గర ఉండాలో తేల్చే ముందు అందులో ఏమున్నాయో చూడాలి. పెద్దవాళ్లు క్యారీబ్యాగును మా కౌంటరు మీద బోర్లించినప్పుడు అందులో కొత్త చీటీ ప్రకారం కొన్నవాటితో పాటు, ఆసుపత్రికి వెళ్లకముందు వాడి సగం మిగిల్చిన స్ట్రిప్పులూ ఉంటాయి. పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. మొన్న ఒకాయన తెచ్చిన సంచిలో పాత గుండె మందు రామిప్రిల్, దాని స్థానంలో ఆసుపత్రిలో కొత్తగా మొదలుపెట్టిన సాకుబిట్రిల్-వాల్సార్టాన్ రెండూ ఉన్నాయి. మొదటిది ఆపాక 36 గంటలు గడిస్తే తప్ప రెండోది వేయకూడదు. కలిపితే నాలుక, గొంతు వాచి ఊపిరాడని స్థితి రావచ్చు. అదే సంచిలో టార్సెమైడ్, స్పైరనోలాక్టోన్ అనే నీరు పోగొట్టే మందులు రెండూ కలిసిన బిళ్ల ఒకటీ, విడిగా స్పైరనోలాక్టోన్ మరొకటీ కనిపించాయి. రెండింటికీ పేర్లు వేరు, కంపెనీలు వేరు, అట్టల రంగులు వేరు. లోపలి మందు మాత్రం రెండింతలైంది. అసలే కిడ్నీలు నెమ్మదించిన వయసులో దీనివల్ల రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయే తప్పుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఇంట్లో మీలాంటి శ్రద్ధగల కూతురు ఉండి, సంచిలో ఉన్న ప్రతి బిళ్లనూ తప్పకుండా వేయించి ఉంటే ఆయనకు మేలు జరిగేదా? క్రమం తప్పకపోవడం మంచిదే, కానీ మందుల పట్టికే తప్పుగా ఉన్నప్పుడు ఆ క్రమమే ప్రమాదం. డిశ్చార్జి సమ్మరీలో కొత్తగా ఏమి రాశారో ఉంటుంది గాని, ఇంట్లో ఉన్నవాటిలో ఏవి ఆపాలో రాసినవి నాకు అరుదుగా కనిపించాయి. (ఆ సంచిని సర్దడానికి పావుగంటకు పైగా పడుతుంది. దానికి మాకు ఎవరూ రూపాయి ఇవ్వరు. అది వేరే చర్చ.)

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, 76 ఏళ్లు

ఇంతవరకు డబ్బా గురించి మాట్లాడినవారు డబ్బా యజమానిని అడగలేదు కనుక నేను రాస్తున్నాను. నాకూ హార్ట్ ఫెయిల్యూరే. పెద్దవాళ్లు మందులు మరచిపోతారని మీరంతా అనుకుంటున్నారు, కానీ నా వయసు స్నేహితులలో చాలామంది మరచిపోరు, మానేస్తారు. ఆ మానేయడానికి కారణం ఉంటుంది. ఉదయం నీరు పోయే బిళ్ల ఫ్యూరోసెమైడ్ వేసుకుంటే మూడు నాలుగు గంటల పాటు మూత్రానికి తిరుగుతూనే ఉండాలి. ఒంగోలులో పెళ్లికి తెల్లవారి బస్సెక్కవలసి ఉంటే, డ్రైవరును మాటిమాటికీ ఆపమని బతిమాలుకునే మనిషిగా నలుగురిలో నిలబడడం నాకు ఇష్టం ఉండదు. అందుకని ఆ పూట బిళ్ల వేసుకోను. చేరాక మధ్యాహ్నం వేసుకోవచ్చని, పూర్తిగా మానవలసిన పనిలేదని ఆ తరువాత చాలా కాలానికి ఒక డాక్టరు గారు చెప్పారు. ఆ మాట డిశ్చార్జి రోజునే ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంకొక సంగతి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. స్పైరనోలాక్టోన్ వాడే మగవాళ్లలో కొందరికి రొమ్ములు ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. నా మిత్రుడొకరు ఆ బాధ పడలేక బిళ్లను నాలుక కింద దాచి, కోడలు అటు తిరగగానే ఉమ్మేసేవాడు. ఆ మాట కోడలితో ఎలా చెబుతాడు? డల్లాస్ అమ్మాయి గారూ, మీ నాన్నగారు కెమెరా ముందు మింగారా లేదా అన్నది మీకు కనిపిస్తుంది. ఆయన మీకు చెప్పలేనిది కనిపించదు.

డల్లాస్ నుంచి ఒక కూతురు

మాస్టారూ, మీరు చెప్పినది నాకు తట్టని కోణమే. కానీ మీరు ఆలోచించి మానేసే మనిషి. ఉదయం వేసుకున్నారో లేదో సాయంత్రానికి గుర్తులేని వాళ్ల మాటేమిటి? గుండె బలహీనపడినవారిలో జ్ఞాపకశక్తి తగ్గడం అరుదేమీ కాదని మా డాక్టరే చెప్పారు. వాళ్లను కూడా స్వేచ్ఛ పేరుతో వదిలేద్దామా?

ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు, జనరల్ మెడిసిన్

మతిమరుపు ఉన్నట్టు పరీక్షలో తేలితే డబ్బా ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండాలి. అందులో వాదానికి చోటు లేదు. మిగిలినవారి విషయంలో కాపలా ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో తక్కువ ఆదాయం గల 314 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులపై జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. ఫార్మసిస్టు తొమ్మిది నెలల పాటు అర్థమయ్యేలా చెబుతూ, లేబుళ్లు సులువుగా రాసి ఇస్తూ వెంట ఉన్నవారు 78.8 శాతం మేర మందులు వాడగా, మామూలు పద్ధతిలో ఉన్నవారు 67.9 శాతం మేర వాడారు. అత్యవసర విభాగానికి, ఆసుపత్రికి వెళ్లడం కూడా సుమారు అయిదో వంతు తగ్గింది. అయితే ఆ సాయం ఆపేసిన మూడు నెలలకే వాడకంలో తేడా దాదాపు కరిగిపోయింది. అంటే పక్కనున్న మనిషి అలవాటును మోస్తాడే గాని, తాను వెళ్లిపోయాక నిలబడే అలవాటును అంత తేలికగా నాటలేడు.

మందులు సరిగా వేసుకునేవారు ఎక్కువ కాలం బతుకుతారన్న మాటను కూడా కొంచెం జాగ్రత్తగా వాడాలి. కాండెసార్టాన్ అనే గుండె మందుపై జరిగిన చార్మ్ పరిశోధనల లెక్కలను 2005లో విడదీసి చూసినప్పుడు, మందు లేని ఉత్తుత్తి బిళ్లను క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో కూడా మరణాలు తక్కువగానే ఉన్నాయి. బిళ్ల వేళకు వేసుకునే మనిషి ఉప్పు తగ్గిస్తాడు, చెకప్‌కు వస్తాడు, ఇంట్లో ఆదరణ ఉన్నవాడై ఉంటాడు. ఆ లాభాన్నంతా బిళ్ల ఖాతాలో వేయలేము. మందులు పనిచేయవని నేను అనడం లేదు. లెక్కపెట్టి మింగించినంత మాత్రాన ఆ మనిషి జీవితంలోని మిగతా సగం దానంతట అది రాదంటున్నాను.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించినది 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అనే పరిశోధన. అందులో 1,078 మంది ఉన్నారు. డిశ్చార్జి అయిన వారానికే పిలిచి, ఆరు వారాల వరకు పలుమార్లు చూసి, రక్తపోటు, కిడ్నీ, పొటాషియం పరీక్షిస్తూ రెండు వారాల్లోనే మోతాదులను పూర్తి స్థాయికి పెంచినవారిలో, 180 రోజుల్లో చనిపోయినవారు లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరినవారు 15.2 శాతం, మామూలు పద్ధతిలో 23.3 శాతం. అక్కడ రోగి ఇంట్లో డబ్బాను ఎవరూ లాక్కోలేదు. డాక్టరే త్వరగా, మాటిమాటికీ చూశాడు. మా ఓపీలో వారం తిరక్కుండా వచ్చేవారు తక్కువ, ఎందుకంటే సమ్మరీలో «నెల తర్వాత రండి» అని రాసేది మేమే. కళ్లు తిరగడం, దగ్గు, మాస్టారు చెప్పిన నొప్పి వంటివి బయటపడేది ఆ నెలలోనే, మందు మానేసేది కూడా ఆ నెలలోనే. నొప్పి సంగతి చెబితే స్పైరనోలాక్టోన్‌కు బదులు అదే కోవకు చెందిన ఎప్లెరినోన్ ఇవ్వవచ్చు.

ఖర్చు మాట కూడా ఒకటి. షుగరుకూ, హార్ట్ ఫెయిల్యూర్‌కూ వాడే మందులలో డాపాగ్లిఫ్లోజిన్ తొలి పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025లో మన దేశంలో ముగిసి చౌక బ్రాండ్లు వచ్చాయి. అయినా పింఛను డబ్బుతో మందులు కొనేవారు రెండు పూటలది ఒక పూటకు కుదించుకుంటున్నారేమో అడగండి. అది మతిమరుపులా కనిపిస్తుంది గాని కాదు.

తెనాలి ఫార్మసిస్టు

డాక్టరు గారి మాటకు చిన్న చేర్పు. పిల్లలు తీసుకోవలసినది డబ్బాను కాదు, పట్టికను. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పునూ మంచం మీద పరిచి ఫోటో తీసి మొదటి చెకప్‌లో చూపించండి. ఆపమన్నవాటిని ఆ రోజే ఇంట్లోంచి తీసేయండి.

డల్లాస్ నుంచి ఒక కూతురు

పట్టిక విషయంలో ఒప్పుకుంటున్నాను, ఈ ఆదివారమే ఆ ఫోటో తీయిస్తాను. డబ్బా విషయంలో పూర్తిగా కాదు. నాన్నగారు రోజూ ఉదయం బరువు చూసుకొని నాకు పంపాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేస్తాను, ఆ వారమంతా మందులు నా కళ్ల ముందే వేసుకోవాలి. ఈ షరతు అన్యాయమైతే చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు

అన్యాయం కాదు. అయితే బరువు పెరిగిన రోజున డబ్బా అడిగే ముందు, ఏ బిళ్ల ఎందుకు మానారో అడగండి. అది కూడా మీరు కాకుండా ఆయన స్నేహితుడెవరైనా అడిగితే నిజం తొందరగా బయటికి వస్తుంది.