అప్‌డేట్: 47 ఏళ్లు, జుట్టు రాలడం, థైరాయిడ్ రిపోర్ట్

మూడు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? నెలసరి 20 రోజులకే వస్తోంది, అర్ధరాత్రి చెమటలు, దువ్వెన నిండా జుట్టు. దానికి తోడు థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 0.2 అని రిపోర్ట్ వచ్చింది. ఇది బాగా తగ్గితే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని అనుమానిస్తారు. థైరాయిడ్ ఎక్కువైందేమోనని ఒకటే టెన్షన్.

అసలు సంగతి వింటే నవ్వొస్తుంది. గైనకాలజిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న, "జుట్టుకి ఏమైనా వేసుకుంటున్నారా?" అని. రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ (జుట్టు కోసం వాడే విటమిన్ మాత్ర) వేసుకుంటున్నానని చెప్పాను. అంత డోసు కొన్ని థైరాయిడ్ పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుందట. వారం ఆపి మళ్లీ రక్తం ఇస్తే 2.4 వచ్చింది, అంటే నార్మల్! మాత్ర వేసుకుంటున్నారా అని ల్యాబ్‌లో ఒక్కరూ అడగలేదు.

జుట్టు సంగతికొస్తే, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 9 మాత్రమే, చాలా తక్కువ. ఇన్నాళ్లూ ఎక్కువ బ్లీడింగ్‌తో ఐరన్ అంతా పోయింది. స్కానింగ్‌లో గర్భసంచి బాగానే ఉంది, ఇది మెనోపాజ్‌కి ముందు వచ్చే మార్పేనన్నారు. ఐరన్ మాత్ర మొదలుపెట్టాను. అది మింగాక రెండు గంటలు టీ తాగకూడదట. పొద్దున్నే టీ లేకుండా ఉండటం నాకు చెమటలకంటే పెద్ద బాధ, అందుకే మాత్రని సాయంత్రానికి మార్చుకున్నాను.

జుట్టు రాలడం ఇంకా ఆగలేదు, నెలలు పడుతుందన్నారు. కానీ పాపిట పక్కన పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తున్నాయి. మా అమ్మాయి "యాంటెన్నాలు" అంటోంది. చెమటలు మాత్రం అలాగే ఉన్నాయి. హార్మోన్ మాత్రల గురించి వచ్చే నెల మాట్లాడదామన్నారు, ముందు మామోగ్రామ్, బీపీ చూస్తారట.