పదేళ్ల పాపకు కాంటాక్ట్ లెన్సులు పెట్టించవచ్చా? సైటు పెరగకుండా ఏది మేలు?

కోటగుమ్మం (విజయనగరం):
మా అమ్మాయికి పదేళ్లు, అయిదో తరగతి. నిరుడు రెండు కళ్లకూ మైనస్ 1.25 ఉన్న సైటు ఈ ఏడాది మైనస్ 2.50కి చేరింది. విశాఖపట్నంలో చూపిస్తే డాక్టరు గారు కనుగుడ్డు పొడవు కూడా కొలిచారు. గుడ్డు సాగేకొద్దీ మైనస్ పెరుగుతుందని, మామూలు అద్దాలు చూపును సరిచేస్తాయే గానీ గుడ్డు సాగడాన్ని ఆపవని, ఇదే వేగంతో పోతే పెద్దయ్యేసరికి బాగా ఎక్కువ మైనస్ వస్తుందని చెప్పారు. పొద్దున పెట్టుకుని రాత్రి తీసి పారేసే ప్రత్యేకమైన మెత్తని లెన్సులు గానీ, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు గానీ, మధ్యభాగం చుట్టూ సన్నని కటకాలు పొదిగిన కళ్లద్దాలు గానీ వాడవచ్చన్నారు. నాకు లెన్సులే నయమనిపిస్తోంది, మా అత్తగారు ససేమిరా అంటున్నారు. పిల్లలకు వాడించినవారు ఉంటే దయచేసి చెప్పండి.

చీపురుపల్లి మాస్టారు:
అమ్మా, మీ అత్తగారి మాట వినండి. మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివేటప్పుడు లెన్సులను గదిలోని కుళాయి నీళ్లతో కడిగి, ఆ నీళ్లలోనే నానబెట్టేవాడు. ఆ నీటిలోని అమీబా నల్లగుడ్డులో చేరి పుండు పడింది. నెలల తరబడి గంటగంటకూ చుక్కలు వేసినా తెల్లమచ్చ మిగిలిపోయింది, ఈనాటికీ ఆ కంటితో అక్షరం చదవలేడు. ఇరవై ఏళ్లవాడికే అంత జాగ్రత్త లేకపోతే పదేళ్ల పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది?

నాగావళి (శ్రీకాకుళం):
మాస్టారూ, మీ తమ్ముడు గారికి జరిగినది బాధాకరమే, కానీ ఆయన వాడినవి కడిగి మళ్లీ పెట్టుకునే లెన్సులు. ఇక్కడ అడుగుతున్నవి రోజుకొక జత, వాటికి కడగడమే ఉండదు. మైసైట్ అనే ఈ రకం లెన్సును 8 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలుపెట్టే పిల్లల కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఆమోదించింది. మూడేళ్ల పరీక్షలో సైటు పెరుగుదల 59 శాతం తగ్గింది.

నేను ఇంత పట్టుగా మాట్లాడటానికి కారణం ఉంది. చిన్నప్పుడు నాకు మైనస్ 3 వస్తే, పూర్తి పవర్ ఇస్తే కళ్లు అలవాటు పడిపోతాయని తగ్గించి రాయించారు. ఆడపిల్లకు దళసరి అద్దాలు బాగుండవన్న దిగులు దాని వెనుక ఉందని తరువాత తెలిసింది. పవర్ తగ్గించి ఇస్తే సైటు ఇంకా త్వరగా పెరిగిందని మలేసియాలో 2002లోనే తేలింది. ఇప్పుడు నాకు మైనస్ 11, కుడి కంటిలో రెటీనా, అంటే బొమ్మ పడే వెనుక పొర, ఊడి శస్త్రచికిత్స అయింది. ఆ రోజుల్లో ఇలాంటి దారి ఒకటి ఉండి ఉంటే మా నాన్నగారు అప్పు చేసైనా కొనేవారు.

ఆమదాలవలస:
మా అబ్బాయికి చుక్కలు వేస్తున్నాము. ఇబ్బంది ఏమీ లేదు.

చీపురుపల్లి మాస్టారు:
59 శాతం తగ్గితే మైనస్ 2.50 మైనస్ 1 దగ్గరకు రావాలి. ఆ పాపకు అలా వస్తుందని మీరు పూచీ ఇస్తారా?

నాగావళి:
తగ్గింది సైటు కాదు, పెరుగుదల. ఆ మూడేళ్లలో మామూలు లెన్సు పెట్టుకున్న పిల్లలకు సగటున 1.24 పెరిగితే, వీటిని పెట్టుకున్నవారికి 0.51 పెరిగింది.

చీపురుపల్లి మాస్టారు:
అంటే మూడేళ్లకు ముప్పాతిక పాయింటు కూడా లేదు. దాని కోసం రోజూ ఒక పసిపిల్ల కంట్లో వేలు పెట్టాలా? శాతాల్లో చెబితే కొండంత కనిపించే సంగతి పాయింట్లలో చెప్పేసరికి ఇంతైపోయింది. ఇవి అమ్మేవారు శాతాలే ఎందుకు చెబుతారో ఇప్పుడు అర్థమైంది.

బొబ్బిలి కళ్లజోళ్లు:
నేను అద్దాల దుకాణంలో కంటిపరీక్షలు చేస్తాను, లెన్సులు అమ్మను. ముప్పాతిక పాయింటును తేలికగా తీసుకోకండి. సాగిన గుడ్డు మళ్లీ పొట్టిది కాదు, ఒక పాయింటు ఆపగలిగినా ముందుముందు రెటీనా మధ్యభాగం దెబ్బతినే ముప్పు సుమారు 40 శాతం తగ్గుతుందని అంచనా. మామూలు అద్దంతో చూపు మధ్యలో స్పష్టంగానే ఉంటుంది, కానీ పక్కల నుంచి వచ్చే వెలుతురు రెటీనా వెనుకకు పోయి పడుతుంది. దాన్ని అందుకోవడానికే గుడ్డు సాగుతుందన్నది బలమైన అభిప్రాయం. ఈ లెన్సులైనా, ఆ కళ్లద్దాలైనా కొంత వెలుతురును రెటీనా ముందుకు తెస్తాయి. చుక్కల సంగతికి వస్తే, 0.01 శాతం మందు మన దేశపు పిల్లలకు మేలు చేసిందని ఒక పరీక్షలో తేలింది, అమెరికాలో 2023లో వెలువడిన పరీక్షలో తేడా కనబడలేదు. హాంకాంగ్‌లో 0.05 శాతం మెరుగ్గా పనిచేసింది.

చీపురుపల్లి మాస్టారు:
ఖర్చులేని మందు గురించి ఒక్కరూ మాట్లాడరేమి? చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవారు మిగతా బడుల్లో 39.5 శాతమైతే వీరిలో 30.4 శాతమే. ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. మొదట్లో తరగతికి ఒకరిద్దరికి ఉండే కళ్లజోళ్లు ఇప్పుడు వరుసకు ముగ్గురికి ఉన్నాయి. మైదానం వదిలేసి మందుల షాపు వెంట పడుతున్నాము.

నాగావళి:
అది కొత్తగా సైటు రాకుండా ఆపే సంగతి. ఈ పాపకు వచ్చేసింది, వచ్చాక ఎండ ఒక్కటే చాలదు. మీ కళ్లు బాగున్నాయి కాబట్టి మీకు ఇదంతా షాపుల వ్యవహారంలా కనిపిస్తోంది. రాత్రి లేచినప్పుడు కళ్లజోడు చేతికి తగలక గోడ పట్టుకుని నడవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

చీపురుపల్లి మాస్టారు:
తెల్లమచ్చ పడిన కంటితో మా తమ్ముడు ఎలా నడుస్తున్నాడో మీకూ తెలియదమ్మా.

ఆమదాలవలస:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. పాప ఇంట్లోనే ఉండి చదువుకుంటుందా?

కోటగుమ్మం:
జూన్‌లో ఆరో తరగతికి హాస్టల్లో చేర్పిస్తున్నాము. సీటు వచ్చింది. అందుకే లెన్సులు అడిగాను. అద్దాలైతే అక్కడ విరగగొట్టుకుంటుంది, రోజూ రాత్రి చుక్కలు వేసేవారు ఉండరు.

నాగావళి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. లెన్సు పెట్టుకోవడం పిల్లలు వారంలో నేర్చుకుంటారు. వేలి కొసన నిలిపి చూసినప్పుడు అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు, పళ్లెంలా బయటకు వాలితే తిరగబడినట్టు. అది కష్టమైన పని కాదు. కానీ సబ్బుతో చేతులు కడిగి పొడిగా తుడుచుకుందా, స్నానానికి ముందు తీసిందా, కన్ను ఎర్రబడితే ఆ రోజు మానేసిందా, పెట్టుకునే నిద్రపోయిందా అని రోజూ చూసే మనిషి మొదటి రెండేళ్లు పక్కన ఉండాలి. హాస్టల్‌కైతే లెన్సులు నేను చెప్పను.

చీపురుపల్లి మాస్టారు:
నేనైతే హాస్టలే వద్దంటాను. తెల్లవారుజామున లేపి రాత్రి తొమ్మిదిన్నర దాకా పుస్తకం ముందు కూర్చోబెట్టేచోట ఏ లెన్సు పెడితే ఏం లాభం?

కోటగుమ్మం:
మా అత్తగారూ అదే అంటున్నారు. పంపవద్దని ముందే తీర్మానించుకుని కళ్లను సాకుగా చూపిస్తున్నారు. మా ఊళ్లో ఇంటర్ లేదని, ఆడపిల్లను బయట ఉంచలేమని నా చదువు పదితో ఆపేశారు. నా కూతురికి వచ్చిన సీటును సైటు పేరుతో వదులుకోమంటే నేను ఒప్పుకోను. మాస్టారూ, మగపిల్లవాడైతే ఇదే మాట అనేవారా?

చీపురుపల్లి మాస్టారు:
నా కొడుకునూ నేను పంపలేదమ్మా. ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివాడు. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా నా మాటలో లేదు.

బొబ్బిలి కళ్లజోళ్లు:
సీటు వదులుకోవాలని నేను అనను. హాస్టల్‌కు ఆ కటకాలున్న కళ్లద్దాలు పూర్తి పవర్‌తో, గట్టి ఫ్రేములో రెండు జతలు చేయించండి, ఒకటి వార్డెన్ దగ్గర ఉంచండి. ఆరు నెలలకొకసారి విశాఖలో గుడ్డు పొడవు కొలిపించండి. అప్పటికీ పరుగు ఆగకపోతే చుక్కలు కలపవచ్చునేమో డాక్టరునే అడగండి. ముందుగా ఆ హాస్టల్‌కు ఆటస్థలం ఉందో లేదో, పగటిపూట పిల్లలను అక్కడికి వదులుతారో లేదో మీ కళ్లతో చూసి రండి.

నాగావళి:
రెండో జత మాట నిజం. ఒక్క జతే ఉంటే విరిగిన రోజు నుంచి సెలవుల దాకా పాప బోర్డు కనిపించకుండానే కూర్చుంటుంది, ఇంటికి చెప్పదు. నేను చెప్పలేదు.

కోటగుమ్మం:
కరపత్రంలో ఆటస్థలం బొమ్మ ఉంది. ఫీజు మొదటి వాయిదా ఇంకా కట్టలేదు. ఆదివారం కాకుండా, బడి నడిచే రోజున సాయంత్రం నాలుగింటికి చెప్పకుండా వెళ్లి చూసివస్తాను. అత్తగారిని కూడా తీసుకువెళతాను.