రాఫిల్స్ తప్పించుకోవాలా, లొంగిపోవాలా?

నలుపుతెలుపు: రెండు ‘రాఫిల్స్’ సినిమాలూ వరసగా చూశాను. రాఫిల్స్‌గా 1930లో రోనాల్డ్ కోల్మన్, 1939లో డేవిడ్ నివెన్. కథ ఒకటే. రాఫిల్స్ పైకి పేరున్న క్రికెటర్, చాటుగా నగల దొంగ. గ్వెన్‌ని ప్రేమించి దొంగతనాలు మానేద్దామనుకునేసరికి స్నేహితుడు బన్నీ అప్పుల్లో మునిగి వచ్చి పడతాడు. ఇక మెల్‌రోజ్ దొరసాని నెక్లెస్ కొట్టేయక తప్పదు. చివరికి కోల్మన్ జారుకుంటాడు, నివెన్ లొంగిపోవడానికి సిద్ధపడతాడు. ఆ రెండో ముగింపు సెన్సార్‌వాళ్లు వేసిన మాసికలా ఉంది.

చివరిరీలు: సెన్సార్ అంటే ప్రభుత్వం అనుకునేరు. హాలీవుడ్ తనకు తానే పెట్టుకున్న నియమావళి, ప్రొడక్షన్ కోడ్ అది. రాసింది 1930లోనే అయినా గట్టిగా అమలైంది 1934 నుంచి. ప్రేక్షకుడి సానుభూతి నేరం వైపు పోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయినా ఎవరి ఒత్తిడైతేనేం, ముగింపు నప్పిందా లేదా చూడాలి. నప్పిందనే అంటాను. గ్వెన్ కోసం మారాలనుకున్నవాడు మళ్లీ పారిపోతే ఇక మారిందేముంది?

నలుపుతెలుపు: మారడం ఎవడికి కావాలండీ! కోల్మన్‌ని చూడండి. ఇన్‌స్పెక్టర్ మెకంజీ ఎదురుగా ఉన్నా మొహంలో టెన్షన్ ఉండదు, ఆ మెత్తని గొంతు తొణకదు. దొంగ నేనేనని అందరిముందూ ఒప్పుకుని మరీ తప్పించుకుంటాడు. ఆ దర్జా కోసమే కదా మనం ఈ సినిమాలు చూసేది.

కుర్చీఅంచు: ఆ దర్జాతోనే నా పేచీ. అదే ఇంట్లో అదే నెక్లెస్ కోసం దూరిన మరో దొంగ క్రాషే సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నగ ముందు కొట్టేసింది వాడు. రాఫిల్స్ వాడి దగ్గర కాజేస్తాడు, వాడేమో పోలీసులకు చిక్కుతాడు. పైగా మెకంజీ వాణ్ణి ఎరగా వదులుతాడు. సూటు లేదు, క్లబ్బు యాస లేదు, కాబట్టి వాడు ఏమైపోయినా మనకు చీమ కుట్టినట్టుండదు. ఈ అభ్యంతరం పాతదేలెండి. రాఫిల్స్‌ని సృష్టించిన హార్నంగ్‌కి స్వయానా బావమరిది, షెర్లాక్ హోమ్స్ రచయిత కానన్ డాయిల్. నేరస్తుణ్ణి హీరోని చేయకూడదని ఆయనే అన్నాడు.

నలుపుతెలుపు: క్రాషేని చివర్లో తప్పించింది రాఫిల్సే. అది మర్చిపోయారు.

చివరిరీలు: ఇక్కడ మాత్రం నలుపుతెలుపుగారి వైపే నేను. ఆ సీన్ బాగుంటుంది.

కుర్చీఅంచు: సీన్ బాగుంటుంది, కాదనను. కానీ నెక్లెస్ ఎవరి దగ్గరుందో క్రాషేకి తెలుసు. వాడు దొరికి నోరు విప్పితే మునిగేది ఎవరు?