వేళ్ల నొప్పులున్న అమ్మకి వంటింట్లోకి ఏం కొనాలి? కిట్లు వద్దు, పనికొచ్చేవి చెప్పండి

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మకి 62 ఏళ్లు, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. రెండు చేతుల వేళ్లకీ కీళ్లవాతం. పొద్దున లేచాక చాలాసేపు వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. మందులు వాడుతోంది, నా ప్రశ్న వాటి గురించి కాదు. వంట మాత్రం మానదు. వంటమనిషిని పెడతానంటే "నా పొయ్యి దగ్గరికి ఇంకొకళ్లు రావడమేంటి" అంటుంది.

చెక్కు తీయడం, పట్టకారుతో గిన్నె దించడం, మిక్సీ మూత నొక్కి పట్టుకోవడం, బిగుసుకున్న డబ్బా మూతలు తీయడం, వీటితోనే పెద్ద యాతన. దీపావళికి మా తమ్ముడు ఆన్‌లైన్‌లో వెతికి, పెద్దవాళ్ల కోసమే చేసిన కిట్ అని ఒకటి పంపాడు. నీలం రంగు లావుపాటి చెంచాలు, చేతికి బెల్టు కట్టుకునే ఫోర్కు, అదో రకం కత్తి. అమ్మ ఒక్కసారి చూసి "నేనేమన్నా మంచాన పడ్డానా?" అని బీరువా మీద పడేసింది.

ఇప్పుడు వస్తున్న కొత్త డిజైన్లలో చేతికి నిజంగా సుఖంగా ఉండేవి ఏవి? బడ్జెట్ ఐదారు వేలు. గ్రైండర్ కొనాల్సి వస్తే దానికి విడిగా పెట్టుకుంటాను.

బాలానగర్_డైమేకర్:

మీ అమ్మగారు ఆ కిట్‌ని బీరువా మీద పడేసి మంచి పని చేశారు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ చదువుకున్నాను. అప్పట్నుంచీ ప్లాస్టిక్ వస్తువులకి డైలు, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసే అచ్చులు, గీయడమే నా పని. బకెట్ కాడల దగ్గర్నుంచి మిక్సీ మూతల దాకా చేశాను. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

మీరు అడిగినదానికి మా రంగంలో అందరూ చెప్పుకునే వస్తువు చెక్కు తీసే ఒక పీలర్. శామ్ ఫార్బర్ అని అమెరికాలో వంటసామాను వ్యాపారం చేసి రిటైరైనాయన. 1980ల చివర్లో భార్య బెట్సీతో కలిసి దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని ఉన్నారు. ఆవిడకి చేతి కీళ్ల నొప్పి. పీలర్ పట్టుకోవడానికి అవస్థ పడుతుంటే ఈయన చూశాడు. అప్పటి పీలర్ అంటే వంచిన రేకు ముక్కే కదా, గట్టిగా పట్టుకుంటే అంచు వేళ్లలో దిగుతుంది. బెట్సీ చదివింది ఆర్కిటెక్చర్, ఆవిడకీ ఇలాంటి విషయాల్లో గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఇద్దరూ ఆ విషయాన్ని వదల్లేదు. న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ అనే సంస్థతో కలిసి 1990లో ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో 15 వస్తువులు బయటికి తెచ్చారు.

ఆ పీలర్ పిడిని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. లావుగా, నల్లగా ఉంటుంది. గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా కాస్త అణిగి ఉంటుంది. గుండ్రని పిడి తడిచేతిలో గిర్రున తిరుగుతుంది, దాన్ని తిరక్కుండా ఆపడానికే వేళ్లు అదనంగా నొక్కాలి. అణిగిన పిడికి ఆ పని లేదు. పదార్థం శాంటోప్రీన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్. నూనె తగిలినా, సబ్బు తగిలినా తట్టుకుంటుంది. బొటనవేలు ఆనే చోట సన్నని రెక్కల్లాంటి గాట్లు ఉంటాయి, నొక్కితే లోపలికి వంగుతాయి. ఆ ఆలోచన వాళ్లకి సైకిల్ హ్యాండిల్ గ్రిప్‌ల నుంచి వచ్చింది. ఇప్పుడా పీలర్ న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో కూడా ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం దాన్ని అమ్మిన తీరు. డబ్బా మీద కీళ్లనొప్పులవాళ్లకి అని రాయలేదు. మందుల షాపులో పెట్టలేదు. మామూలు వంటసామాను షాపులో, మామూలు పీలర్ల పక్కనే, వాటికన్నా ఎక్కువ ధరకి పెట్టారు. ఏ నొప్పీ లేనివాళ్లు కూడా పట్టుకుని చూసి కొన్నారు. మీ అమ్మగారి బాధకి మందు అక్కడుంది. ఇంట్లో అందరూ వాడే వస్తువైతే ఆమె వాడతారు. ఆమె ఒక్కరికోసమే తెచ్చింది ఎంత గొప్పదైనా బీరువా మీదికే వెళ్తుంది.

ఆ ఆక్సో వాళ్లకి సలహాలిచ్చినవాళ్లలో పట్రీషియా మూర్ అనే డిజైనర్ ఉన్నారు. ఆవిడ 26 ఏళ్ల వయసులో, 1979లో మొదలుపెట్టి మూడేళ్లపాటు ముసలావిడ వేషం వేసుకుని అమెరికా, కెనడాల్లో వందకి పైగా ఊళ్లు తిరిగారు. వేషమంటే జుట్టు నెరిపించుకోవడం కాదు. కళ్లు మసకబారే అద్దాలు పెట్టుకుని, కాళ్లు సరిగ్గా వంగకుండా కట్లు కట్టుకుని, వేళ్లు కదలకుండా చుట్టుకుని మరీ బస్సులెక్కారు, షాపుల్లో సామాన్లు కొన్నారు. మా ఆఫీసులో కుర్రాళ్లకి నేనిది ఎప్పుడూ చెబుతుంటా. కంప్యూటర్లో గీసిన పిడి అందంగానే ఉంటుంది, వేళ్లకి టేపు చుట్టుకుని ఒకసారి పట్టుకో, అప్పుడు తెలుస్తుంది అని.

ఇక మీ జాబితా. పీలర్‌కి పిడి లావు మూడు నుంచి నాలుగు సెంటీమీటర్లు ఉంటే మంచిది. బ్లేడు సంగతి తర్వాత, ముందు పిడి చూడండి.

పట్టకారుని మాత్రం ఇంట్లోంచే తీసేయండి. గిన్నె దించినంతసేపూ వేళ్లు బిగించే ఉంచాలి, ఒక్క క్షణం సడలినా వేడి పులుసు కాళ్ల మీద. కీళ్లవాతం ఉన్న చేతికి అంతకంటే పగవాడు లేడు. రెండు వైపులా చెవులున్న గిన్నెలు కొనండి. వీలైతే పొయ్యి పక్కనే అదే ఎత్తులో ఒక గ్రానైట్ పలక వేయించండి. అప్పుడు గిన్నె ఎత్తక్కర్లేదు, పక్కకి జరిపితే చాలు. మిక్సీకి రెండు పక్కలా క్లిప్పులతో బిగిసే మూతల జార్లు వస్తున్నాయి, ఒకసారి పెడితే చేత్తో నొక్కి పట్టుకునే పనే ఉండదు. సీసా మూత బిగుసుకుంటే తిప్పే ముందు చెంచా అంచుతో ఒకవైపు కొంచెం లేపమనండి. లోపలికి గాలి వెళ్లిందంటే సగం బలంతోనే వస్తుంది.

సగటు_మనిషి:

డైమేకర్ గారూ, కథ బాగుంది గానీ ఇదంతా మార్కెటింగే అని నా అనుమానం. "ఎర్గోనామిక్ సాఫ్ట్ గ్రిప్" అని రాసి ఉంటే మా ఇంటికీ ఒక సెట్టు తెచ్చా. ఏడాది తిరక్కుండా పిడులన్నీ జిగటగా అయిపోయాయి. దుమ్ము, నూనె అంటుకుని ముట్టుకోబుద్ధి కాక పారేశాం. పైగా మా నాయనమ్మ ఎనభై దాటాక కూడా కత్తిపీట మీద కూర్చుని వీశెడు వంకాయలు తరిగేది. ఆవిడకి ఏ శాంటోప్రీనూ లేదు.

బాలానగర్_డైమేకర్:

మీరు రెండు మంచి విషయాలు ఎత్తారు.

జిగట సంగతి. మెత్తని పిడి రెండు రకాలుగా చేస్తారు. గట్టి ప్లాస్టిక్ మీద మెత్తని పదార్థాన్ని డైలోనే రెండోసారి పోయడం ఒకటి. దానికి రెండు డైలు కావాలి, ఖర్చెక్కువ. రెండోది గట్టి ప్లాస్టిక్ మీద మెత్తగా అనిపించే పూత కొట్టడం. షాపులో రెండూ చేతికి ఒకేలా తగులుతాయి. మన దగ్గరి ఉక్కకీ తేమకీ ఆ పూత కరిగి జిగటవుతుంది. మీకు వచ్చింది ఆ రెండోదే అనుకుంటున్నా. కొనేముందు పిడి మీద మెత్తని భాగం, గట్టి భాగం కలిసే గీత కోసం చూడండి. గీత స్పష్టంగా ఉండి, నొక్కితే మెత్తని భాగం కాస్త లోపలికి దిగితే అది పోసింది. పిడి మొత్తం ఒకే రంగులో, మెరుపు లేకుండా, ఎక్కడ నొక్కినా రాయిలా ఉంటే పూత. వదిలేయండి.

కత్తిపీట గురించి మాత్రం మీ నాయనమ్మగారికి దండం పెడతా. దాన్ని ఎవరు కనిపెట్టారో గానీ అసలైన డిజైనర్. ఆలోచించండి, కత్తి అయితే పనిముట్టుని చేత్తో బిగించి పట్టుకోవాలి. కత్తిపీటలో పనిముట్టుని కాలు పట్టుకుంటుంది. చేతుల్లో ఉండేది వంకాయ ఒక్కటే, దాన్ని రెండు అరచేతుల్తో కత్తి మీదికి నెడితే చాలు, వేళ్లు బిగించే పనే లేదు. ఆవకాయకి మామిడికాయలు కొట్టే పెద్ద కత్తి చూడండి, ఒక చివర మడతబందు, రెండో చివర పొడుగాటి కాడ. టెంకతో సహా దిగడానికి కావాల్సిన బలం కాడ పొడుగులోంచే వస్తుంది. కత్తిపీటకి ఇబ్బంది మోకాళ్లతోనే. గట్టుకి బిగించే కత్తిపీటలు వస్తున్నాయి, నిలబడి తరగొచ్చు. తెనాలి అమ్మాయి గారూ, మీ అమ్మగారికి కత్తిపీట అలవాటుంటే కొత్త కత్తి కన్నా అదే మేలు. బిగించే మర బలంగా ఉందో లేదో చూసుకోండి, గట్టు అంచు మందానికి పట్టాలి.

మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. సుమీత్ మిక్సీ అలాగే పుట్టింది. సత్యప్రకాశ్ మాథుర్ ఇంజినీరు, వాళ్లావిడ జర్మనీ మిక్సర్ పాడైతే మన రుబ్బుడికి తట్టుకునేది మనమే చేద్దామని 1960లలో మొదలుపెట్టారు. ఎండుకొబ్బరి, పసుపుకొమ్ము వేసి తిప్పే మోటారు యూరప్‌వాళ్లకి ఎందుకు?

డల్లాస్_పప్పుచారు:

ఇక్కడ మా ఇంట్లో ఆ నల్లపిడి సామాను చాలాకాలంగా వాడుతున్నాం కాబట్టి రెండు మాటలు. నిలువు పీలర్ దోసకాయకీ బంగాళదుంపకీ బాగుంటుంది. బీరకాయ ఈనెల మీద జారుతుంది. దానికి వై ఆకారంలో ఉండే పీలర్ తీసుకోండి, మనవైపు లాగుతాం కాబట్టి మణికట్టు వంకర తిరగదు.

ఇంకొకటి, వాళ్లదే కొలతల కప్పు ఉంది. లోపల ఏటవాలు పట్టీ మీద అంకెలుంటాయి, వంగి పక్కనుంచి చూడక్కర్లేదు, పైనుంచే కనిపిస్తుంది. మా ఆయనకి తెగ ముచ్చట. మా అత్తగారు మాత్రం దాంట్లో పెరుగు తోడేస్తారు. గుప్పెడు, చిటికెడు, గ్లాసుడు లెక్కన వండే చెయ్యి కదా, ఆవిడకి అంకెలెందుకు? మీ అమ్మగారికి కూడా కొనకండి, డబ్బు దండగ.

తెనాలి_అమ్మాయి:

డైమేకర్ గారూ, పప్పుచారు అక్కా, చాలా థాంక్స్. అమ్మకి కత్తిపీట అంటే ప్రాణం, మోకాళ్ల వల్లే మానేసింది. గట్టుకి బిగించేది వెతుకుతా.

ఇంకో రెండు అడగాలి. అట్లకాడ, గరిటెలు అన్నీ సన్నని స్టీలు కాడలే. అవి మా నానమ్మ కాలం నాటివి, మార్చడానికి ఒప్పుకోదు. వాటినే లావుగా చేసుకునే దారి ఉందా? రెండోది గ్రైండర్. ఇప్పుడున్నది పాతది, గిన్నె ఎత్తి పిండి తీయాలి. రాళ్లతో సహా ఎత్తలేక ఇడ్లీలు మానేసింది. ఇడ్లీ లేకుండా మా అమ్మని మీరు ఊహించుకోలేరు.

బాలానగర్_డైమేకర్:

కాడలకి చవక ఉపాయం ఉంది. ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకి తొడిగే నల్ల ఫోమ్ ట్యూబు మీటర్ల లెక్కన అమ్ముతారు. కాడకి సరిపడే రంధ్రం ఉన్నది తీసుకుని జానెడు ముక్క కోసి తొడగండి. మురికైతే తీసేసి కొత్తది తొడుగుకోవచ్చు. సైకిల్ షాపులో గ్రిప్ కూడా పనికొస్తుంది, లోపల కొంచెం సబ్బునీళ్లు రాస్తే జారి ఎక్కుతుంది. ఒక జాగ్రత్త, ఇవి మంట సెగ తగిలేవాటికి పనికిరావు. వడ్డించే గరిటెలకి, పీలర్‌కి, కొబ్బరికోరు పిడికి తొడగండి. అట్లకాడకి వద్దు. దానికి చెక్క పిడి వేయించండి, వడ్రంగి ఎవరైనా చేసిస్తారు. గుండ్రంగా కాకుండా కాస్త అణిగి ఉండేలా చిత్రిక పట్టమనండి.

గ్రైండర్‌కి టిల్టింగ్ రకమే తీసుకోండి. కోయంబత్తూరు గ్రైండర్లకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, అక్కడివాళ్లు దీని మీద చాలా పని చేశారు. గిన్నె స్టాండు మీదే ఉంటుంది, లివర్ వదిలి వంచితే పిండి జారుతుంది. రాళ్లు ఎత్తే పని లేదు. కాకపోతే పిండి తీసుకోవడం తేలికని కొంటాం గానీ కడగడం సంగతి ఎవరూ అడగరు. కడిగిన నీళ్లు కూడా వంచే పోగొట్టగలరా, రాళ్లని ఆపే కమ్మీ ఒంటిచేత్తో వస్తుందా, లివర్‌ని వేళ్లతో లాగాలా లేక అరచేత్తో నెడితే చాలా? ఈ మూడూ షాపులో చేయించి చూడండి. రెండు లీటర్లది ఒక్క మనిషికి ఎక్కువే, చిన్నది దొరికితే అదే చాలు.

అమ్మగారిని వెంట తీసుకెళ్లండి, షాపు తెరిచే వేళకే వెళ్లండి. సాయంత్రానికి వేళ్లు కాస్త సాగుతాయి, అప్పుడు ఏ లివరైనా సుఖంగానే ఉందంటారు. పొద్దున పట్టుకుని బాగుందంటేనే బిల్లు కట్టండి.