ప్రతి క్లాసుకూ లాగర్: యాస్పెక్ట్‌తో ఎక్కించవచ్చా?

కొత్తకొమ్మ: మా జావా కోడులో ప్రతి క్లాసు మొదట్లో అదే లాగర్ (ప్రోగ్రాం నడుస్తుండగా జరిగినవి రాసిపెట్టేది) వరుస. కాపీ చేసినవాళ్లు క్లాసు పేరు మార్చడం మరిచిపోతారు. చెల్లింపుల లోపం ఆర్డర్ల పేరు మీద లాగులో పడుతుంది. యాస్పెక్ట్‌తో, అంటే ఒకచోట రాసి చాలా క్లాసులకు వర్తింపజేసే కోడుతో, అన్నిటికీ ఒకేసారి పెట్టవచ్చా? బిల్డ్ నెమ్మదిస్తుందా?

సెమికోలన్: పదేపదే రాసే కోడును తానే పుట్టించే లాంబాక్ లైబ్రరీ ఉండగా ఈ తిప్పలెందుకు? క్లాసు మీద ఎస్‌ఎల్‌ఎఫ్4జే అనొటేషన్ పెట్టండి, కంపైల్‌లోనే స్టాటిక్ ఫైనల్ లాగర్ వచ్చేస్తుంది.

గట్టుమీద: అడిగింది యాస్పెక్ట్ గురించి కదండీ. స్ప్రింగ్ ఏఓపీని (స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోని యాస్పెక్ట్ సదుపాయాన్ని) మాత్రం నమ్ముకోకండి. ఒక మెథడ్ అదే క్లాసులోని మరో మెథడ్‌ను పిలిస్తే క్లాసు ముందు నిలబడి బయటి పిలుపులను పట్టే ప్రాక్సీకి తెలియనే తెలియదు. మా దగ్గర ఒక రిఫండ్ రెండుసార్లు వెళ్లింది, లాగులో ఒక్క ముక్క లేదు.

సెమికోలన్: ఇంటర్‌ఫేస్ రాసుకుంటే ఆ బాధ ఉండదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

గట్టుమీద: ఇంటర్‌ఫేస్‌కూ దీనికీ ఏమిటి సంబంధం? ఇంటర్‌ఫేస్ మీద కట్టే జేడీకే ప్రాక్సీ అయినా క్లాసు మీదే కట్టే సీజీలిబ్ అయినా లోపలి పిలుపు నేరుగా 'దిస్' (అసలు ఆబ్జెక్టు) మీదే వెళ్తుంది. ముందు డాక్యుమెంటేషన్ చదివి రండి.

సెమికోలన్: చదివే చెబుతున్నాను.

గట్టుమీద: ఏ పేజీ?

పాతకాపు: జావాలో యాస్పెక్ట్‌లు రాసే యాస్పెక్ట్‌జే ఇంకా జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఉన్న రోజుల నుంచి వాడుతున్నవాణ్ని, నా మాట వినండి. పెర్‌టైప్‌వితిన్ రాస్తే ప్రతి క్లాసుకూ ఒక యాస్పెక్ట్ తయారవుతుంది, లాగర్ అందులో ఉంటుంది. క్లాసు పేరు గెట్‌వితిన్‌టైప్‌నేమ్ ఇస్తుంది. పాయింట్‌కట్ (యాస్పెక్ట్ ఎక్కడెక్కడ వర్తించాలో చెప్పే షరతు) నుంచి యాస్పెక్ట్‌ను తప్పించండి, లేకపోతే తనను తానే లాగ్ చేసుకుంటూ స్టాక్ పొంగిపోతుంది.

నిద్రలేదు: లాగర్ యాస్పెక్ట్‌లో ఉంటే క్లాసులో చేత్తో రాసిన లాగ్ వరుసలు కంపైల్ కావు. ఆ సంగతి చెప్పరేం? పైగా మెథడ్‌కు పంపే ఆర్గ్యుమెంట్లు కూడా లాగ్ చేశారో, లాంబాక్ పుట్టించిన టూస్ట్రింగ్ (ఆబ్జెక్టును అక్షరాల్లో చూపే మెథడ్) హైబర్నేట్ ఎంటిటీలోని, అంటే డేటాబేస్ నుంచి వచ్చే ఆబ్జెక్టులోని, జాబితాలన్నిటినీ తట్టి లేపుతుంది. ఒక్క లాగ్ వరుస కోసం డేటాబేస్‌కు వరుసగా క్వెరీలు. పాస్‌వర్డుల సంగతి సరేసరి.

సెమికోలన్: ఇప్పుడు లాంబాక్ మీద పడ్డారా?

పాతకాపు: ఆర్గ్యుమెంట్లు లాగ్ చేయమని నేనెక్కడ అన్నాను?

గట్టుమీద: 2021 డిసెంబరులో లాగ్4జే అనే లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడూ అందరూ ఇలాగే అన్నారు.

పాతకాపు: దానికీ దీనికీ ముడిపెట్టకండి.

మూలకూర్చున్న: పేరు తప్పు పడటమే బాధ అయితే, క్లాసు పేరు రాసే చోట మెథడ్‌హ్యాండిల్స్.లుకప్().లుకప్‌క్లాస్() రాయండి. జావా 7 నుంచి ఉంది. ఎక్కడ అతికించినా సరైన పేరే పడుతుంది.

సెమికోలన్: అంత పొడవు ఎవరు టైపు చేస్తారండీ? లాంబాక్.