అప్‌డేట్: ఇద్దరు పిల్లలతో డల్లాస్ చేరాం

7 నెలల పాప, మూడేళ్ల బాబుతో హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్లడం ఎలా అని అడిగాను కదా, క్షేమంగా చేరాం. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి బాసినెట్ (పసిపిల్లల్ని పడుకోబెట్టే చిన్న తొట్టి) ఉండే సీటు అడగడం బాగా పనికొచ్చింది. కాకపోతే కుదుపులొచ్చి సీటు బెల్టు లైటు వెలిగినప్పుడల్లా పాపను ఒళ్లోకి తీసుకోవాల్సిందే. నిద్రపోయే బిడ్డను కదపాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. విమానం కిందికి దిగడం మొదలవగానే పాలు పట్టాను. గుటకలు వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి తగ్గుతుందని మీరు చెప్పినట్టే కిక్కురుమనలేదు. బాబుకు కార్టూన్ల కన్నా మరమరాల డబ్బానే నచ్చింది, ఒక్కొక్కటే ఏరుకుని తింటూ చాలాసేపు కుదురుగా కూర్చున్నాడు. సెక్యూరిటీలో పాపకు కావాల్సిన వేడినీళ్ల ఫ్లాస్కు, పాలపొడి చూపిస్తే పంపేశారు. ఇప్పుడు అసలు టెన్షన్ జెట్‌లాగ్, అంటే టైమ్ తేడా వల్ల నిద్ర వేళలు తారుమారవడం. అర్ధరాత్రి ఇద్దరూ లేచి ఆడుకుంటున్నారు, దీనికేం చేయాలో చెప్పండి.